ఎవరికీ చెప్పుకోలేని మనిషి పోతే: పెద్దకర్మ లోపల, ఆ తరువాత

మీరు రాసినదాన్ని రెండు ముక్కల్లో మళ్ళీ చెప్పుకుంటే: కాపురం గుంటూరులో, ఉద్యోగం విజయవాడలో. పాత ఆఫీసులో పరిచయమైన మనిషితో, ఇంట్లో ఎవరికీ తెలియని బంధం ఒకటి ఏళ్ళ తరబడి నడిచింది. ఆయన నాలుగు రోజుల క్రితం గుండెపోటుతో పోయారు. పటమటలో కరెంటు స్తంభానికి కట్టిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీ చూస్తే తప్ప ఆ సంగతి మీకు తెలియలేదు. పెద్దకర్మకు వెళ్ళాలా, ఇంట్లో ఏం చెప్పాలి, ఫోన్లో ఉన్నవి ఏం చేయాలి, ఇది ఎప్పటికి తగ్గుతుంది అని అడిగారు. మీరు ఆడవారో మగవారో రాయలేదు. రాయనక్కర్లేదు, ఇద్దరికీ పనికొచ్చేలాగే చెబుతాను.

ముందు ఫోన్ సంగతి. ఇందులో ఆలస్యం చేస్తే తిరిగి రానివి ఉన్నాయి, తొందరపడితే బయటపడేవి కూడా ఉన్నాయి.

ఆయన నంబరుకు ఫోన్ చేయకండి, మెసేజ్ పెట్టకండి. బ్యాంకు ఓటీపీలు, ఇన్సూరెన్స్ క్లెయిము, గ్యాస్ కనెక్షన్ పేరు మార్పు, ఇలాంటి పనుల కోసం పోయినవారి ఫోన్‌ను ఇంట్లోవాళ్ళు నెలల తరబడి ఛార్జింగ్‌లో పెట్టే ఉంచుతారు. అది ఇప్పుడు కొడుకు చేతిలోనో బావమరిది చేతిలోనో ఉంటుంది. భయంతో పాత మెసేజ్‌లన్నీ 'అందరికీ డిలీట్' కొట్టాలని అనిపిస్తుంది. వాట్సాప్‌లో రెండున్నర రోజులు దాటిన మెసేజ్ అవతలి ఫోన్లోంచి పోదు. ఆ లోపలివి పోయినా, తొలగించినట్టు గుర్తు మిగులుతుంది. మామూలు చాట్ కన్నా ఆ గుర్తే ఎక్కువ అనుమానం తెస్తుంది.

మీ చాట్‌లో మాయమయ్యే మెసేజ్‌ల టైమరు పెట్టి ఉంటే అది ఇంకా నడుస్తూనే ఉంటుంది. 90 రోజులు పెట్టుకున్నవారికి మూడు నెలల్లో చివరి మాట కూడా పోతుంది. దాన్ని ఆపాలని టైమరు మారిస్తే పాతవి ఆగవు సరిగదా, మార్చినట్టు ఆ చాట్‌లో రెండు వైపులా ఒక వరుస పడుతుంది. మెసేజ్‌ను నిలిపి ఉంచే 'కీప్' నొక్కినా పంపినవారి ఫోన్‌కు తెలుస్తుంది. కాబట్టి ఆ రెండూ ముట్టుకోకుండా, కావలసిన మాటలను స్క్రీన్‌షాట్ తీసుకోండి. వాయిస్ మెసేజ్‌లను ఒక్కొక్కటిగా షేర్ నొక్కి మీకు మీరే మెయిల్ చేసుకోండి. టైమరు లేని చాట్ అయితే ఎక్స్‌పోర్ట్ చేయవచ్చు, అంటే చాట్‌ను ఒక ఫైలుగా బయటికి తీసుకోవచ్చు. మీడియాతో కలిపి చేస్తే పాతవి కొన్ని తెగిపోతాయి, అందుకే మీడియా లేకుండా ఒకసారి, మీడియాతో ఒకసారి, విడిగా రెండుసార్లు చేయాలి.

దాచే చోటు గురించి కూడా ఆలోచించాలి. గూగుల్ ఫొటోస్ 'ఏడాది క్రితం ఇదే రోజు' అని తనంతట తానే బొమ్మలు చూపిస్తుంది. అదే అకౌంట్ ఇంట్లో టీవీలోనో పిల్లల ట్యాబ్‌లోనో ఉంటే, సాయంత్రం అందరూ కూర్చున్నప్పుడు ఆ ముఖం తెర మీదకు రావచ్చు. సెట్టింగ్స్‌లో మెమరీస్ అన్నచోట ఒక మనిషి ముఖాన్ని చూపించవద్దని చెప్పే వీలుంది. అది ఇవాళే చేసుకోండి. లాక్డ్ ఫోల్డర్‌లో పెడితే కనపడవు గానీ, బ్యాకప్ లేకుండా ఫోన్ రీసెట్ అయితే వాటితోపాటే పోతాయి. ఇన్నిటికన్నా ఒక పెన్‌డ్రైవ్ కొని ఆఫీసు సొరుగులో పెట్టడం నయం. నెల తిరిగేవరకు దేన్నీ శాశ్వతంగా చెరపకండి. మొదటివారం భయంలో చెరిపేసినవాళ్ళు ఆ గొంతు కోసం తరువాత ఏడుస్తారు. ఎప్పటికీ ఉంచుకోవాలా వద్దా అన్నది ఆరు నెలల తరువాత తేల్చుకోవలసిన సంగతి.

ఇక పెద్దకర్మ. మన వైపు చాలా ఇళ్ళల్లో మూడో రోజు చిన్నకర్మ, పదో రోజు ధర్మోదకాలు, పదకొండో రోజు పెద్దకర్మ. కులాన్ని బట్టి, ఇంటి ఆచారాన్ని బట్టి రోజులు మారతాయి కాబట్టి ఫ్లెక్సీ మీద వేసిన తేదీనే నమ్మండి. వీటిలో మీరు వెళ్ళగలిగేది పెద్దకర్మ ఒక్కటే. మూడోరోజు, పదోరోజు దగ్గరివాళ్ళే ఉంటారు, కొత్తముఖం ఇట్టే కనపడుతుంది. పదకొండో రోజు ఫంక్షన్ హాల్లోనో షామియానా కిందో భోజనాలు పెడతారు. ఆఫీసువాళ్ళు, అపార్టుమెంటువాళ్ళు, చీటీపాటవాళ్ళు, ఎవరు ఎవరికి ఏమవుతారో ఎవరికీ తెలియని గుంపు. పలకరింపుకు మన దగ్గర పిలుపు అక్కర్లేదు. ఈ పద్ధతి మీకు అనుకూలం.

ఒంటరిగా వెళ్ళకండి. ఇద్దరికీ తెలిసిన ఆఫీసు మనుషుల్లో ఇద్దరు ముగ్గురితో కలిసి వెళ్ళండి. "మీరు ఎవరండీ?" అని ఎవరో ఒకరు అడుగుతారు. జవాబు ముందే ఒక్క వాక్యంలో సిద్ధంగా ఉండాలి, అది నిజమై ఉండాలి: "ఫలానా ఆఫీసులో కలిసి పనిచేశామండీ." అంతకుమించి ఒక్క మాట పొడిగించినా తరువాతి ప్రశ్న వస్తుంది. పటం దగ్గర పూలు వేసి, నమస్కారం పెట్టి, కుటుంబంలో పెద్దవారిని ఒకరిని పలకరించి, కూర్చోవాలనిపిస్తే పది నిమిషాలు వెనుక వరుసలో కూర్చోండి. ఆయన భార్య దగ్గరకు వెళ్ళి చేయి పట్టుకోవాలని బలంగా అనిపించవచ్చు, క్షమాపణలాగానో ఓదార్పులాగానో. వద్దు. ఆవిడకు అర్థం కాని ఏడుపు మీ ముఖాన కనపడితే ఆవిడ దాన్ని మరిచిపోదు. ఆయన ఎలా పోయారు, ఆఖరి గంటలో ఎవరున్నారు అని అడగాలనిపిస్తుంది. మీరు అడగక్కర్లేదు. భోజనాల దగ్గర పది నిమిషాలుంటే నాలుగు పక్కల నుంచీ అదే వినపడుతుంది.

భోజనం చేయాలా అంటే, చేయండి. దినం భోజనం తినకుండా వెళ్ళిపోయేవారినే మనవాళ్ళు గుర్తుపెట్టుకుంటారు.

పటం చూడగానే మీరు నిలదొక్కుకోలేరనుకుంటే వెళ్ళకండి. వెళ్ళనందువల్ల ఆ బంధానికి వచ్చిన లోటు ఏమీ లేదు. ఎవరికీ తెలియకుండా ఫొటో ముందు తల వంచి నిలబడటం ఒక పరీక్ష, అందరూ రాయనక్కర్లేదు. ఇంకో దారి తరువాత చెబుతాను.

ఇంట్లో ఏం చెప్పాలి? చాలామంది ఇక్కడ రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు. మొదటిది, ఏమీ జరగనట్టు ఉండటం. పది రోజులు అన్నం సహించక, రాత్రి రెండింటికి లేచి కూర్చునే మనిషిని చూసి ఇంట్లోవాళ్ళు ఏమీ అనుకోకుండా ఉండరు. అప్పుల గురించో జబ్బు గురించో ఊహించుకుంటారు, తరువాత మీ ఫోన్ చూస్తారు. రెండోది, లేని కారణం కల్పించడం. గ్యాస్ ట్రబులని చెబితే ఎండోస్కోపీ దాకా తీసుకెళ్తారు. పనికొచ్చేది చిన్న నిజం: "పాత ఆఫీసులో నాకు బాగా సాయంగా ఉన్న మనిషి ఒకాయన పోయారని తెలిసింది. మనసు బాగాలేదు. కొన్ని రోజుల్లో సర్దుకుంటాను." ఈ మూడు వాక్యాల్లో అబద్ధం లేదు. ఏడుపుకు కారణం దొరికింది, గడువూ చెప్పారు. "ఇన్నాళ్ళూ ఎప్పుడూ చెప్పలేదే?" అంటే "సందర్భం రాలేదు" చాలు. పేరు అడిగితే నిజం పేరే చెప్పండి. కల్పించిన పేరు మూడు నెలల తరువాత మీకే గుర్తుండదు.

ఇలా చెప్పడం వల్ల ఇంకో మేలు ఉంది. రహస్యం వేరు, దుఃఖం వేరు అని విడదీయడం మొదలవుతుంది. రహస్యం దాచడానికి దుఃఖాన్ని కూడా మొత్తంగా దాచితే రెండూ ఒకదాన్నొకటి బిగిస్తాయి. ఈ ఇబ్బంది ఇంతగా ముదిరేది ఆ బిగింపు వల్లే.

అసలంతా జీవిత భాగస్వామికి చెప్పేద్దామా అన్న ఆలోచన రెండో మూడో వారంలో తప్పకుండా వస్తుంది. ఇప్పుడు వద్దని గట్టిగా చెబుతాను. ఇప్పుడు చెబితే మీరు అడుగుతున్నది ఓదార్పు, అవతలివారికి చేరేది దెబ్బ. ఒకే గదిలో ఇద్దరు గాయపడినవాళ్ళు ఉంటారు, ఓదార్చేవాళ్ళు ఉండరు. చెప్పాలా వద్దా అన్న ప్రశ్న నిజమైనదే, దాన్ని ఆరు నెలలు ఆగి, ఒక కౌన్సెలర్ ఎదుట కూర్చుని తేల్చుకోండి.

ఇలాంటి దుఃఖం గురించి కెన్నెత్ డోకా అనే అమెరికన్ పరిశోధకుడు 1989లో పుస్తకమే తెచ్చారు. సమాజం గుర్తించని బంధం, బాహాటంగా ఏడవడానికి వీల్లేని నష్టం, చుట్టూ ఓదార్చేవారు లేకపోవడం అన్నవి ఆయన చెప్పిన లక్షణాలు. మన ఊళ్ళ లెక్కలో చెప్పాలంటే మీకు మైల పట్టలేదు. మైల పట్టినవాడికి పండగ లేదు, పెళ్ళికి వెళ్ళనక్కర్లేదు, పదకొండు రోజులు ఆఫీసు అడగదు, చుట్టాలు వండి తెస్తారు. నెలనెలా మాసికం, ఏడాదికి సంవత్సరీకం, ఏడవడానికి తేదీలు కూడా నిర్ణయమై ఉంటాయి. మీకు ఇవేవీ లేవు. ఐదో రోజున మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కు పట్టుచీర కట్టుకునో ఇస్త్రీ చొక్కా వేసుకునో వెళ్ళి ఫొటోల్లో నవ్వాలి. కాబట్టి ఆచారం ఇవ్వని ఏర్పాటు మీరే చేసుకోవాలి. తేదీలు, చోటు, తెలిసిన ఒక మనిషి: ఈ మూడూ కావాలి.

తేదీలు, చోటు ముందు. వారంలో రెండు రోజులు, ఒక్కోసారి అరగంట, ఆయన కోసమే పెట్టుకోండి. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు 1999లో ప్రతిపాదించిన పద్ధతి ప్రకారం మనిషి దుఃఖంలోకి కాసేపు వెళ్ళి, రోజువారీ పనుల్లోకి కాసేపు వచ్చి, ఇలా అటూ ఇటూ ఊగుతూ కోలుకుంటాడు. రోజంతా దుఃఖంలోనే ఉన్నా, రోజంతా దాన్ని తోసేసినా ఆ ఊగడం ఆగిపోతుంది. రెండు బెడ్రూముల ఇంట్లో ఏడవడానికి చోటు ఉండదు, బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చేది పది నిమిషాలకు మించి సాగదు. గుంటూరు, విజయవాడ మధ్య రోజూ తిరిగేవారికి రైలు మంచిది. కిటికీ పక్క సీటు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ముఖం బయటికి తిప్పుకుంటే ఎవరూ పలకరించరు. బండి మీద మాత్రం వద్దు. హెల్మెట్ లోపల ఏడుస్తూ హైవే ఎక్కితే కళ్ళజోడు మసకబారి లారీ కనపడదు. కృష్ణ ఒడ్డు కావాలనిపిస్తే తెల్లవారుజామున, వాకింగ్‌కు వచ్చే జనం ఉన్నప్పుడు వెళ్ళండి. మొదటి రెండు నెలలు రాత్రిపూట బ్యారేజీ మీదకు గానీ ఘాట్లకు గానీ ఒంటరిగా వెళ్ళకూడదని నియమం పెట్టుకోండి. మీకు చనిపోయే ఆలోచన లేకపోయినా సరే, ఈ నియమం ఉండాలి.

రాయడం కొందరికి బాగా పనిచేస్తుంది. జేమ్స్ పెన్నెబేకర్ పరిశోధనల్లో వాడిన లెక్క ఇదీ: రోజుకు 15 నుంచి 20 నిమిషాలు, వరుసగా మూడు నాలుగు రోజులు, అచ్చుతప్పులు చూడకుండా, కలం ఆపకుండా. కాగితం మీదే రాయండి, తరువాత ముక్కలుగా చింపి నీళ్ళల్లో నానబెట్టి పారేయండి. దాచాలనుకుంటే మాత్రం ఇంట్లో దాచకండి.

కర్మకు వెళ్ళలేనివారికి ఇంకో దారి ఉందన్నాను కదా. మహాలయ పక్షాల్లో, అంటే భాద్రపద బహుళ పాడ్యమి నుంచి అమావాస్య వరకు, తల్లిదండ్రులతో ఆగకుండా కారుణ్య తర్పణాలని ఉంటాయి. ఆ వరుసలో గురువు, స్నేహితుడు కూడా ఉన్నారు. అంటే చుట్టరికం లేని మనిషికి నీళ్ళు వదలడానికి శాస్త్రంలోనే చోటు ఉంది. దుర్గాఘాట్‌లోనో సీతానగరం ఘాట్‌లోనో కూర్చునే పురోహితుడితో "నా మిత్రుడు" అంటే చాలు. గోత్రం తెలియకపోతే కాశ్యప గోత్రం చెప్పిస్తారు. తిథి తెలియకపోతే మహాలయ అమావాస్య నాడు. ఒక్క అడ్డు: "నాన్నగారున్నారా?" అని ఆయన తప్పకుండా అడుగుతాడు. తండ్రి బతికున్న కొడుకు తర్పణం వదలకూడదని ఆచారం. ఆడవారి చేత తర్పణం చేయించడానికి కూడా చాలామంది ఒప్పుకోరు. ఈ రెండు చోట్లా స్వయంపాకం ఇవ్వవచ్చు: కేజింపావు బియ్యం, పావుకిలో కందిపప్పు, చింతపండు, బెల్లం, కొంచెం నెయ్యి, అరటికాయలు, ఒక గుమ్మడిపండు ముక్క, విస్తరాకు, తాంబూలం, దక్షిణ. పేరు మనసులో అనుకుని ఇస్తే సరిపోతుంది. కృష్ణా పుష్కరాలు మళ్ళీ 2028లో వస్తాయి. అప్పుడు ఘాట్ల మీద లక్షలమంది ఎవరెవరికో పిండాలు పెడుతుంటారు, ఎవరూ ఎవరినీ అడగరు.

అన్నదానానికి డబ్బు కడితే రసీదు మీద పేరు, ఫోన్‌కు మెసేజ్ వస్తాయి. ఫోన్‌పేలో పంపితే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనపడుతుంది. నోటు తీసి హుండీలో వేస్తే ఏ చిక్కూ లేదు.

క్రైస్తవులైతే కేథలిక్ గుళ్ళల్లో చనిపోయినవారి ఆత్మ కోసం పూజ చెప్పించవచ్చు. ఇంటిపేరు లేకుండా బాప్తిస్మపు పేరు ఒక్కటే ఇవ్వండి, మీ పేరు చదవవద్దని ముందే చెప్పండి. మీ విచారణలో (పారిష్‌లో) కాకుండా విజయవాడ గుణదల మేరీమాత గుడిలో చెప్పిస్తే అక్కడికి వచ్చే యాత్రికుల్లో మిమ్మల్ని ఎవరూ గుర్తించరు. నవంబరు 2న సమాధుల పండుగ నాడు శ్మశానం నిండా జనం, కొవ్వొత్తులు ఉంటాయి. ఆయన సమాధి దగ్గర కుటుంబం ఉంటుంది కాబట్టి ఆ రోజు కాకుండా ముందు రోజే వెళ్ళండి. ముస్లింలైతే దువా (ప్రార్థన) చేయడానికీ, పోయినవారి పేరున సదఖా (దానం) ఇవ్వడానికీ చుట్టరికం ఎవరూ అడగరు.

ఇక తెలిసిన మనిషి. లోకమంతటిలో ఒక్కరికైనా ఈ బంధం ఉండేదని తెలియాలి. లేకపోతే కొన్ని నెలలకు 'అసలు ఇదంతా జరిగిందా' అన్న అనుమానం మీకే వస్తుంది. ఎంచుకునేటప్పుడు మూడు చూడండి: మీ ఇంటికీ ఆయన ఇంటికీ రాకపోకలు లేనివారు, ఇంతకుముందు ఎవరి గుట్టూ మీ దగ్గర విప్పనివారు, సలహా ఇవ్వకుండా వినగలిగినవారు. అక్క, తమ్ముడు దగ్గరివాళ్ళే గానీ ఈ పనికి తరచు సరిపోరు. రేపు వాళ్ళు మీ ఇంట్లో పండక్కి కూర్చుని ఈ సంగతి మోయాలి.

అలాంటివారు లేకపోతే కౌన్సెలర్ దగ్గరకు వెళ్ళండి. ఊరు మార్చుకోవడం మంచిది: గుంటూరువారు విజయవాడలో, విజయవాడవారు గుంటూరులో. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షన్ మీ వివరాలు గోప్యంగా ఉంచడాన్ని హక్కుగా ఇచ్చింది. ప్రాణానికి ముప్పు, కోర్టు ఉత్తర్వు లాంటి కొన్ని సందర్భాలే దానికి మినహాయింపు. అసలు బయటపడేది డాక్టరు నోటి వెంట కాదు, చొక్కా జేబులో మిగిలిన మందుల చీటీ వల్ల, ఇంటి నంబరుకు వచ్చే అపాయింట్‌మెంట్ మెసేజ్ వల్ల. పేరు రాయించేటప్పుడే మీ నంబరు ఇచ్చి, ఫోన్ చేయవద్దని చెప్పండి. ముఖం చూపడం ఇష్టం లేకపోతే టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. అందరూ పడుకున్నాక రాత్రి రెండింటికైనా చేయవచ్చు.

నిద్ర కోసం మెడికల్ షాపులో అల్ప్రాజోలం అడిగి తెచ్చుకోకండి. చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. నాలుగు వారాల్లో అలవాటవుతుంది, మానేస్తే ముందుకన్నా నిద్ర తగ్గుతుంది. మద్యం తాగడం కూడా అంతే, పైగా తాగినప్పుడు నోరు జారేది ఈ విషయంలోనే.

ఎప్పటికి తగ్గుతుందని అడిగారు. మొదటి రెండు మూడు నెలలు కెరటాల్లా వస్తుంది. తరువాత కెరటానికీ కెరటానికీ మధ్య ఎడం పెరుగుతుంది. ఆరు నెలలు దాటినా రోజూ అదే తీవ్రతతో తపన, ఆయన లేరని నమ్మలేకపోవడం, పని చేసుకోలేకపోవడం ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ దాన్ని చికిత్స అవసరమైన దీర్ఘకాల శోకంగా లెక్కిస్తుంది. అమెరికన్ సైకియాట్రీ సంఘం లెక్కలో ఆ గడువు ఏడాది. ఆయన దగ్గరకే వెళ్ళిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఏ గడువూ లేదు, ఆ గంటలోనే 14416కు చేయాలి, లేదా పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్ళాలి.

కోపం వస్తుంది, ఆయన మీద, ఆయన భార్య మీద. ఫ్లెక్సీ మీద ఆవిడ పేరు చూసినప్పుడు అసూయ కూడా. ఇది మామూలే, దీనికి ప్రత్యేకంగా చేయవలసిందేమీ లేదు.

చేబదులు ఇచ్చిన డబ్బు, ఆయన దగ్గర ఉండిపోయిన మీ వస్తువులు: కాగితం ఉన్న పెద్ద మొత్తమైతే తప్ప వదులుకోండి. ఉంగరం తిరిగి కావాలని మనిషిని పంపినవారు ఉంగరంతో పాటు ప్రశ్నలు కూడా తెచ్చుకున్నారు.

చివరగా, రాబోయే నెలల్లో ఆయన నంబరు నుంచి మీకు ఫోన్ రావచ్చు. పోయినవారి కాంటాక్టుల్లో ఎవరికి బాకీ, ఎవరు బాకీ అని ఇంట్లోవాళ్ళు వరుసగా చేసుకుంటూ వస్తారు. తెర మీద ఆ పేరు కనపడగానే గుండె ఆగినంత పని అవుతుంది. ఎత్తకండి. మోగి ఆగిపోనివ్వండి, నీళ్ళు తాగండి, అరగంట తరువాత మీరే చేయండి. "మిస్డ్ కాల్ చూశానండీ, ఆఫీసు పని మీద మాట్లాడుకునేవాళ్ళం, సార్ పోయారని తెలిసి చాలా బాధపడ్డాం. లెక్కలేమీ లేవండీ." ఈ మాటలు ఇప్పుడే ఒకసారి పైకి అని చూసుకోండి. వాట్సాప్ ఖాతా 120 రోజులు వాడకపోతే మామూలుగా రద్దవుతుంది. రీఛార్జి లేని ప్రీపెయిడ్ నంబరు కూడా కొన్ని నెలలకు ఆగి, తరువాత ఇంకొకరికి వెళ్తుంది. ఏడాది తిరిగాక అదే నంబరుకు కొత్త ముఖంతో డీపీ కనిపిస్తే ఉలిక్కిపడకండి. ఈలోపే ఆ కాంటాక్టును పేరు ఉంచి, నంబరు తీసేసి సేవ్ చేసుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.